ఏసమ్మగారి చౌక దేశాలు

పిఠాపురంలో ఇంగ్లీషు వచ్చినవాళ్లెవరని అడిగితే మొదట నా పేరు చెప్పాలి. ఎమ్మే, బీయీడీ చేసి ఇరవై ఆరేళ్లుగా హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నవాణ్ణి. అయినా పిల్లల్ని పై చదువులకి ఏ దేశం పంపితే గిట్టుబాటవుతుందో తేల్చుకోవాలంటే జనం నా గుమ్మం తొక్కరు. మా వీధి చివర, మిషన్ కాంపౌండు గోడని ఆనుకుని ఉన్న పెంకుటింటికి వెళతారు. అక్కడ అరుగు మీద నవారు మంచం వేసుకుని ఏసమ్మగారు కూర్చుని ఉంటుంది. ఆవిడకి సంతకం కూడా రాదు. పింఛను కాగితాల మీద వేలిముద్ర వేస్తుంది.

ఇది రెండువేల మూడు నాటి మాట. ఆ ఏడు మా ప్రాంతమంతటికీ విదేశీ చదువుల జ్వరం పట్టుకుంది. కన్సల్టెన్సీ వాళ్లు కాకినాడ హోటళ్లలో సభలు పెట్టి, నున్నటి కాగితం మీద అచ్చువేసిన రంగురంగుల పుస్తకాలు పంచారు. ఏ పుస్తకం తిరగేసినా అదే పచ్చగడ్డి, దాని మీద కూర్చుని అదే నవ్వు. అమెరికాకి మార్కులూ పరీక్షలూ డబ్బూ మూడూ కావాలి. మూడూ లేనివాళ్లకి ఇంగ్లీషు మాట్లాడే దేశాలు ఇంకో నాలుగు మిగిలాయి. ఆ నాలుగింటిలో ఏది చౌక అన్నది ఊరికంతటికీ పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. రంగుల పుస్తకాలు పట్టుకుని వచ్చిన తండ్రులు, ఎందుకైనా మంచిదని, ఏసమ్మగారిని కూడా ఓ మాట అడిగేవారు. రాను రాను ముందు ఆవిడనే అడిగి ఆ తర్వాత కాకినాడ వెళ్లడం మొదలుపెట్టారు.

ఆవిడ అర్హత ఏమిటంటే, మిషన్ బంగళాలో ముప్పై ఒక్క ఏళ్లు వంట చేసింది. యాభై రెండులో చేరి, చివరి దొరసాని ఎనభై మూడులో కెనడా వెళ్లిపోయేదాకా ఆ వంటిల్లు ఆవిడదే. ఇన్నేళ్లలో ఇంగ్లీషు మాట్లాడే ప్రతి దేశమూ ఒక్కసారైనా ఆ బంగళాకి వచ్చి ఆవిడ చేతి వంట తిని వెళ్లింది. తిన్న పళ్లాలు కడిగింది కూడా ఆవిడే. ఆ పళ్లాల్లో ఏం మిగిలేదో దాన్ని బట్టి ఆవిడ దేశాల ఖరీదు కట్టేది.

అమెరికా దొర నాలుగు రోజులున్నాడు. రోజూ సగం ఆమ్లెట్టు వదిలేసేవాడు, బ్రెడ్డు అంచులు కోసి పక్కన పెట్టేవాడు. కాబట్టి అమెరికా ఖరీదైన దేశం. ఇంగ్లండు దంపతులు పళ్లెంలో మెతుకు మిగల్చలేదు గాని, నిన్నటి సూపు చల్లారిపోయిందని ఇవాళ చెప్పేవారు. అందుచేత ఇంగ్లండులో ఖర్చు మధ్యస్తం, మాట మాత్రం పడాలి. ఆస్ట్రేలియా నర్సమ్మ వంటింట్లోకే వచ్చి నిలబడి తినేది, మారు అడిగేది, గోంగూర పచ్చడి కూడా నాకేది. మగపిల్లలు బతకడానికి అది మంచి దేశం. న్యూజిలాండు దొర ఉడకబెట్టిన బంగాళాదుంప తొక్కతో సహా తినేసి, బ్రెడ్డు ముక్కతో పళ్లెం తుడిచేవాడట. ఆ పళ్లెం కడగకుండా బీరువాలో పెట్టేసినా ఎవరూ కనిపెట్టలేరని ఆవిడ చెప్పేది.

ఒక్కో దేశానికి ఒక్కో మనిషి. అతను పస్తున్న రోజైతే ఒక ధర, అజీర్తి చేసిన రోజైతే ఇంకో ధర. ఇదంతా వింటుంటే నాకు కడుపు మండేది. ఇంతకన్నా కడుపు మండే సంగతేమిటంటే, ఆవిడ చెప్పినవి తప్పలేదు. ఆవిడ మాట మీద ఆస్ట్రేలియా వెళ్లిన ఇద్దరు కుర్రాళ్లు నిక్షేపంగా ఉన్నారు. అంత ఖచ్చితంగా నేను చెప్పలేకపోయాను. మా బావమరిది తన కొడుకు కోసం నన్ను అడిగినప్పుడు రెండు పుస్తకాలు ముందేసుకుని చూశాను. ఇంగ్లండు ఫీజు ఏడువేల ఐదువందలు, ఆస్ట్రేలియా ఫీజు పదిహేను వేలు. సగానికి సగం తక్కువ, కళ్లు మూసుకుని ఇంగ్లండు పంపించెయ్యమన్నాను. అంకెల ముందున్న గుర్తుల్ని పట్టించుకోలేదు. విదేశీ డబ్బంతా ఒకటేనన్న ధీమా నాది. పౌండు డెబ్బై అయిదు రూపాయల పైచిలుకనీ, ఆస్ట్రేలియా డాలరు ముప్పైకి కూడా రాదనీ బ్యాంకులో తెలిసేసరికి మా బావమరిది అడ్వాన్సు కట్టేశాడు. ఆయన ఇప్పటికీ మా ఇంట్లో మంచినీళ్లు ముట్టడు. ఊరు కూడా ఆ తర్వాత నన్ను అడగడం మానేసింది.

ఏసమ్మగారి అరుగుకి మాత్రం రద్దీ పెరిగింది. తరాల తరబడి మిషన్ కాంపౌండు పేట వైపు కన్నెత్తి చూడని కుటుంబాలు దారి కనుక్కుని మరీ వచ్చాయి. నలభై ఎకరాల ఆసామి పల్లంరాజుగారు కూతురు దుర్గాశ్రీ కోసం కారేసుకుని వచ్చారు. మొదటిసారి నిలబడే మాట్లాడారు. టీ ఇస్తే షుగరుందని చెప్పి వద్దన్నారు. రెండోసారి కుర్చీలో కూర్చుని రెండు చెంచాల పంచదారతో టీ తాగారు. అంతకుముందు ఆయన నోట ఏసమ్మ అన్న పేరు, ఆ రోజు నుంచి ఏసమ్మగారు అయింది.

ఇక కెనడా. ఆ దేశం గురించి అడిగితే ఏసమ్మగారి గొంతే మారిపోయేది. మిగతావాళ్లంతా వచ్చిపోయిన చుట్టాలు. హెలెన్ దొరసాని అలా కాదు, ఇరవై ఎనిమిదేళ్లు ఆ బంగళాలోనే ఉంది. చిరిగిన మేజోళ్లు తనే కుట్టుకునేది. పార్సిలు మీది కాగితం మడత పెట్టి దాచేది, దారం చుట్టచుట్టి డబ్బాలో వేసేది. అంత పొదుపైన మనుషులుండే దేశంలో ఖర్చేం అవుతుందన్నది ఏసమ్మగారి వాదన. దాని మీద ఇంకో పెద్ద ఆధారం కూడా ఉంది. ఎనభై మూడులో సామర్లకోట స్టేషన్లో రైలు కదిలే ముందు దొరసాని కిటికీలోంచి ఆవిడ చెయ్యి పట్టుకుని, కెనడాలో నా ఇల్లు నీ ఇల్లేననీ, మీ పిల్లలెవరొచ్చినా మా ఇంట్లోనే ఉండాలనీ అందట. అప్పుడు ఏసమ్మగారి చంకలో ఏడాది పిల్ల మనవరాలు రెబెక్కా ఉంది. ఆ మాట ఆవిడ ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉంది.

ఇప్పుడు ఆ మాటకి గిరాకీ వచ్చింది. ఇంటద్దె, భోజనం కలిసొస్తే కెనడా అన్నిటికన్నా చౌక. ఆ ఇంట్లో గదులెన్నో ఎవరికీ తెలియదు. అయినా ఏసమ్మగారు అప్పటికే రెబెక్కాకి ఒకటి, దుర్గాశ్రీకి ఒకటి, ఇంకో ముగ్గురు ఆడపిల్లలకి తలా ఒకటి కేటాయించేసింది. మగపిల్లలకి వరండా ఇస్తానంది. ఆవిడకేమీ దురాశ లేదు. తనకున్నది నలుగురికీ పెట్టాలన్న మనసు, అంతే.

రెబెక్కా కాకినాడలో బీఎస్సీ పూర్తి చేసింది. ఆహారశాస్త్రంలో పై చదువు చదవాలని ఆ పిల్ల ఆశ. రెండు చోట్ల సీటొచ్చింది. కెనడాలో రెండేళ్ల చదువు, న్యూజిలాండులో ఏడాది డిప్లొమా. తండ్రి అబ్రహాము ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా. ప్రావిడెంట్ ఫండు లోను తీసుకుంటే న్యూజిలాండు ఎలాగోలా గట్టెక్కుతుంది. కెనడా అయితే ఆ లోనుతో పాటు ఉన్న ఒక్క ఇంటిస్థలమూ అమ్మాలి, అది కూడా దొరసాని ఇంట్లో ఉచితంగా ఉంటేనే సరిపోతుంది. జూన్ నెలాఖరులోగా ఏదో ఒక దేశానికి మొదటి వాయిదా కట్టాలి. తల్లి మాట జవదాటలేని అబ్రహాము స్థలానికి బేరం పెట్టాడు.

ఏప్రిల్లో ఒకరోజు నెట్ సెంటరు దగ్గర రెబెక్కా నన్ను ఆపింది. తను లెక్కలన్నీ వేసిందట, ఏ డబ్బుకి ఎన్ని రూపాయలో చూసుకునే వేసిందట. ఆ చివరి మాట నన్ను ఉద్దేశించి అన్నది కాదనే అనుకున్నాను.

“సార్, ఆ ఇల్లు లేకపోతే నేను సగంలో తిరిగొచ్చేయాలండి. స్థలమూ పోద్ది, చదువూ ఉండదు. మామ్మతో నేను అన్లేను. దొరసానిగారికి మీరే ఓ ఉత్తరం రాసి కనుక్కోండి సార్,” అంది.

దొరసాని దగ్గర్నుంచి ఏటా వచ్చే క్రిస్మస్ కార్డులు చదివి చెప్పేది నేనే. మూడేళ్లుగా అవి కూడా రావడం లేదు. ఉత్తరం రాద్దామని నేనంటే ఏసమ్మగారు వెంటనే ఒప్పుకుంది. వచ్చేవాళ్లు ఎంతమందో ముందుగా చెప్పడం ఎలాగూ ధర్మమేనంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాశాను. స్టేషన్లో అన్న మాట రాశాను, ఐదు గదుల సంగతి రాశాను, మీరు మేజోళ్లు కుట్టుకోవడం చూసి మీ దేశం చౌక అని మేం గ్రహించామని కూడా రాశాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకి నేను ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరం అది. మూడుసార్లు చిత్తుప్రతి రాశాను.

మే నెలంతా జవాబు లేదు. స్థలానికి బేరం కుదిరింది, కొనేవాడు అడ్వాన్సు పట్టుకుని రోజూ తిరుగుతున్నాడు. ఏసమ్మగారు మాత్రం రెబెక్కా చేత ఆవకాయ పెట్టిస్తూ, దొరసానికి కారం తక్కువ వెయ్యమని పురమాయిస్తోంది. చివరికి జూన్ ఇరవై మూడో తేదీన ఉత్తరం వచ్చింది. సాయంత్రం నన్ను పిలిపించారు. అరుగు మీద ఏసమ్మగారు, మెట్ల మీద అబ్రహాము, నా కుర్చీ వెనక రెబెక్కా.

దొరసానికి ఎనభై మూడేళ్లు. తెలుగు అక్షరాలు చెయ్యి మరిచిపోయిందని, ఇంగ్లీషులోనే రాస్తున్నానని మొదలుపెట్టింది. రాత వణికింది గాని విషయం స్పష్టంగా ఉంది. నేను ముందు మనసులో గబగబా చదివేశాను. నిజం చెప్పొద్దూ, మొదట నాకు కలిగింది సంతోషమే. ఇన్నాళ్లకి ఆవిడ లెక్క తప్పింది. ఆ తర్వాత తలెత్తి ఏసమ్మగారి మొహం చూశాను. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, చర్చిలో వాక్యం వినబోతున్నప్పటిలా కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. నాకు సిగ్గేసింది. ఓ పేరా దాటేద్దామా అనిపించింది. వెనక నుంచి రెబెక్కా కూడా ఉత్తరంలోకి చూస్తోంది. చదవడం మొదలుపెట్టాను.

తను ఒక వృద్ధుల హోములో ఒక గదిలో ఉంటోందట. అతిథుల్ని రెండు రోజులకి మించి ఉండనివ్వరట. కెనడాలో తనకి సొంత ఇల్లన్నది ఎన్నడూ లేదని, జీవితమంతా మీ ఊళ్లోనే గడిచిపోతే ఇల్లెప్పుడు కట్టుకుంటానని రాసింది. మేజోళ్లు కుట్టుకున్నది దేశం చౌకై కాదు, తన జీతం చిన్నదై. ఇక్కడ చదువులు చాలా ఖరీదు, నన్ను నమ్ముకుని పిల్లని పంపొద్దు అంది. ఆ తర్వాత పేరా ఇది.

“స్టేషన్లో నేనన్న మాట నాకు బాగా గుర్తుంది ఏసమ్మా. ఆ మాట నువ్వు నేర్పిందే. వచ్చిన కొత్తలో నేను ఎవరింటికి వెళ్లినా, వెళ్లొస్తానని మాత్రం చెప్పి లేచి వచ్చేసేదాన్ని. జనం నొచ్చుకుంటున్నారని నువ్వు నన్ను కోప్పడ్డావు. విడిపోయేటప్పుడు మా ఇంటికి రండి, మా ఇల్లు మీ ఇల్లే అనాలని చెప్పావు. నిజంగా అందరూ వచ్చేస్తే ఎలాగని అడిగాను. ఎవరూ రారమ్మా, అది మర్యాద అన్నావు. ఆ రోజు రైలు కదులుతుంటే నీకు ఏం చెప్పాలో తెలియలేదు. నాకు తెలిసిన మర్యాదల్లో పెద్దది అదే. అదే చెప్పాను. నువ్వు నిజమనుకుంటావని నాకు తోచలేదు, క్షమించు.”

చివర రెండు వాక్యాలున్నాయి. ఇక్కడ సాయంత్రం ఐదింటికే భోజనం పెట్టేస్తారు, ఆ తర్వాత తెల్లవారేదాకా ఎవరూ తలుపు తట్టరు అని రాసింది. కింద సంతకం.

అబ్రహాము చెప్పుల్లోకి చూస్తూ కూర్చున్నాడు. ఏసమ్మగారు కాసేపు ఏదో జ్ఞాపకం చేసుకుంటున్నట్టు వేళ్ల మీద లెక్కపెట్టింది.

“అవునండి మాస్టారూ, నేనే చెప్పాను,” అంది చివరికి. “యాభై అయిదులో అనుకుంటానండి. మనూరోళ్లెవరన్నా ఆ మాటంటే మర్యాదకన్నారులే అని ఊరుకుందును. తెల్లోళ్లు కదా, వాళ్లకి మన మర్యాదలు రావు, అన్నారంటే నిజమే అనుకున్నానండి.”

తర్వాత కొడుకు వైపు తిరిగి, స్థలం బేరం వద్దని చెప్పమని, రేపే ఆ రెండో దేశానికి డబ్బు కట్టెయ్యమని అంది. రెబెక్కా మామ్మ పక్కన మంచం మీద కూర్చుని ఆవిడ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ఆ పిల్ల కోరుకున్నదే జరిగింది. కానీ ఆ సంతోషం మొహంలో కనిపించనివ్వకుండా చాలా అవస్థ పడింది.

అప్పుడే పల్లంరాజుగారి కారు వచ్చి ఆగింది. ఉత్తరం వచ్చిన వార్త పోస్టాఫీసు నుంచి ఊళ్లోకి చేరడానికి గంట పట్టదు. ఆయన దిగుతూనే గది సంగతి ఏమైందని అడిగారు. నేను ఏదో ఒకటి చెప్పి సర్దేద్దామని నోరు తెరిచాను. దొరసానికి ఒంట్లో బాగాలేదట అనో, ఇంటికి మరమ్మతులట అనో చెప్పొచ్చు. ఏసమ్మగారు నన్ను ఆపేసింది.

“ఇల్లు లేదండి రాజుగారండీ. ఎప్పుడూ లేదంట. నేనే పొరపాటు పడి నలుగురికీ చెప్పాను. మీ అమ్మాయిగారికి వేరే ఏర్పాటు చూసుకోండి,” అంది.

ఊళ్లో తన మాటకున్న విలువంతా ఆ మూడు ముక్కలతో ఆవిడే తుడిచేసుకుంది. అంకెల గుర్తులు తప్పు చదివానని నేను మా బావమరిదితో ఇంతవరకూ ఒప్పుకోలేదు. అచ్చు తప్పు అని బుకాయించాను. ఆవిడ ముందు కూర్చుని అది గుర్తొచ్చేసరికి నా కుర్చీలో నేనే ఇబ్బందిగా కదిలాను.

రాజుగారు పెద్దమనిషే, కోప్పడలేదు. టీ తాగుతారా అని అడిగితే షుగరుందని చెప్పారు. కారెక్కబోతూ వెనక్కి తిరిగి, “ఏం పర్లేదులే ఏసమ్మా. ఓసారి మా ఇంటికి రా, భోంచేసి వెళుదువుగాని,” అన్నారు. ఏసమ్మగారు అలాగేనండి, తప్పకుండానండి అంటూ రెండు చేతులూ జోడించింది. కారు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

తర్వాత నన్ను ఉత్తరం రాయమంది. నేను ఇంటికెళ్లి కాగితం, పెన్ను తెచ్చుకున్నాను. మీమీద నాకేమీ కోపం లేదని, రెబెక్కా న్యూజిలాండు వెళుతోందని, ఆవకాయ పంపుతానని చెప్పింది. అవన్నీ రాశాను. పిల్ల వెళ్లాక లోపలి గది ఖాళీయేనని, అక్కడ ఒక్కరూ ఏం చేస్తారు, మా ఇంటికి వచ్చెయ్యండి అని రాయమంది. అదీ రాశాను. అది రాస్తుంటే నాకే అనుమానం వచ్చి పెన్ను ఆగింది. రాసింది చదివి వినిపించమని ఆవిడ అడిగింది. వినిపించాను. తల అడ్డంగా ఊపింది.

“లాభం లేదండి. నేను నేర్పిన మనిషే కదా, మర్యాదకన్నానని ఊరుకుంటారు. ఏ తారీఖుకి బయల్దేరతారో రాయమని అడగండి. మర్యాదకి పిలిచినోళ్లు తారీఖు అడగరండి.”

నేను తారీఖు అడుగుతూ ఒక వాక్యం రాసి, దాని కింద గీత గీశాను. మర్నాడు స్కూలుకి వెళుతూ నా చేత్తోనే పోస్టు చేశాను.